గుండుసూది తగిలిన కవరు

మా వీధిలో మా ఆడబిడ్డను అందరూ ఇనప్పెట్టె అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. ఎదురుగా నవ్వుతూ అనేదాన్ని, చాటున పళ్లు కొరుకుతూ అనేదాన్ని. ఇప్పుడు అన్నీ సర్దుకుని అందరం హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాం కాబట్టి, ఆ కోపతాపాలన్నీ తీరిగ్గా చెప్పుకోవచ్చు.

నాకు పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికే మా వారి అక్కయ్య మానసిక వైద్యశాలలో టైపిస్టు. మొత్తం ఇరవై ఆరేళ్ల సర్వీసు. నేనేమో ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని, పొడుగైన ప్యాంట్లు కురచ చేస్తూ, బిగుతైన చొక్కాలు వదులు చేస్తూ, చిరిగిన యూనిఫారాలకు అతుకులు వేస్తూ బతుకుతున్నదాన్ని. కొలతలు తీసుకునేటప్పుడు మనుషులు ఊరికే నిలబడలేరు, ఏదో ఒకటి మాట్లాడతారు. అందుకని వీధిలో ఏ ఇంట్లో ఏం జరిగినా ముందు నా మిషను దగ్గరికే వస్తుంది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా వారే అంటారు. అలాంటి నాకు అలాంటి ఆడబిడ్డ దొరికింది.

ఆవిడ చేసే పని ఏమిటో కాస్త చెప్పాలి. కోర్టులో ఎవరి మీదైనా కేసు నడుస్తున్నప్పుడు, ఆ మనిషి బుద్ధి నిలకడగా ఉందో లేదోనని జడ్జిగారికి అనుమానం వస్తే, పరీక్ష చేయమని వదిన పనిచేసే ఆసుపత్రికి పంపుతారు. నేరం చేశాడా లేదా అన్నది అక్కడ తేలేది కాదు. తన మీద మోపిన నేరం ఏమిటో అతనికి తెలుసా, జడ్జి ఎవరో లాయరు ఎవరో గుర్తుపడతాడా, తన లాయరుతో నాలుగు మాటలు మాట్లాడుకోగలడా, డాక్టరుగారు చూసేది ఇంతే. కానీ నోరు విప్పిన మనిషి అడిగినంతవరకే చెప్పి ఆగడు కదా. ఆ రోజు ఏం జరిగిందో, ఎవరి మీద కోపమో, ఇంట్లో ఏం గొడవలో అన్నీ చెప్పేస్తాడు. అందుకని కాగితాలు రెండు తయారవుతాయి. ఒకటి పొట్టిది, ఒక్కటే పేజీ. ఈ మనిషి విచారణకు నిలబడగలడు, లేదా నిలబడలేడు, కారణం ఇది, అంతే. అది తెల్ల కవర్లో పోతుంది. కోర్టు ఆఫీసువాళ్లు విప్పి, నకళ్లు తీసి, రెండు వైపుల లాయర్లకూ ఇస్తారు. రెండోది పొడుగుది, మనిషి చెప్పిన మాటలు చెప్పినట్టుగా ఉండేది. అది ఖాకీ కవర్లో, లక్క కరిగించి ముద్ర వేసి, జడ్జిగారి చేతికే చేరాలి. అవసరం అనిపిస్తేనే దాన్ని విప్పుతారు. అందులోని మాటలు పట్టుకుని అతని మీదే నేరం రుజువు చేయకూడదని నియమం. పరీక్ష మొదలుపెట్టే ముందు ప్రతివాళ్లకూ డాక్టరుగారు ఈ సంగతి విడమరిచి చెబుతారు. పక్కన చిన్న బల్ల దగ్గర కూర్చుని రాసుకునేది వదిన.

ఈ మాత్రం కూడా నాకు ఆవిడ చెప్పలేదు సుమండీ. ఆసుపత్రి ప్యూను చొక్కా కాలరు తిప్పించుకోవడానికి వచ్చినప్పుడు చెప్పాడు. ఇంకా ఏం చెప్పాడంటే, పొడుగు కాగితం టైపు చేసేటప్పుడు వదిన తలుపు గడియ వేసుకుంటుందట. చిత్తు కాగితాల్ని ముక్కలు చేసి బక్కెట్లో నీళ్లు పోసి నానబెడుతుందట. మధ్యాహ్నానికి అవి ముద్దయ్యాక పిసికి పిండి చెత్తలో వేస్తుందట. "మా టైపిస్టమ్మగారు రోజూ పిండి కలుపుతారండీ" అని వాడు పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను కానీ నాకు లోపల ఒళ్లు మండింది. ఊరంతా చెవులు కోసుకునే కబుర్లు మా ఇంటి మనిషి కడుపులో ఉండి, నాకు ఒక్క ముక్క అందకపోవడం ఏమిటి!

నేను చేయని ప్రయత్నం లేదు. టీవీలో కేసు వార్త వచ్చినప్పుడు ఆవిడ మొహం చూస్తూ కూర్చునేదాన్ని. ఆవిడ లేచి వెళ్లి ఆరిన బట్టలు మడతపెట్టేది. "అంత పొగరేంటి వదినా, నేనేమైనా పరాయిదాన్నా?" అని ఒకసారి గట్టిగానే అడిగాను. "పరాయిదానివైతే ఇంత ఇబ్బంది ఎందుకు?" అని ఊరుకుంది. ఆ మాటకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు. మూడు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను.

కిందటేడు ఒక సాయంత్రం దూది గోడౌన్ తగలబడింది. ప్రాణాలకు ఏమీ కాలేదు కానీ గోడౌన్ మొత్తం బూడిదైపోయింది. దాని వాచ్‌మన్ మాకందరికీ తెలిసినవాడు. రౌండుకు ఒకసారి ఈల ఊదుతాడు కాబట్టి ఈలాయన అనేవాళ్లం. ఆయన యూనిఫారం జేబు నేనే మూడుసార్లు కుట్టాను. మంటలు చూసి జనం పరుగెత్తుకొచ్చేసరికి ఆయన గేటు ముందు కింద కూర్చుని ఉన్నాడు. చేతిలో అగ్గిపెట్టె ఉంది. ఆ సాయంత్రం నుంచి ఆయన నోట్లోంచి మాట లేదు. పోలీసులు అడిగినా, జడ్జిగారు అడిగినా, సొంత కూతురు అడిగినా గోడ వైపు చూడటమే. అగ్గిపెట్టె ఉంది కాబట్టి నేరం ఆయన మీదే పడింది. వీధిలో సగం మంది మతి పోయిందన్నారు. మిగతా సగం నాటకమన్నారు. నా మిషను దగ్గర రెండు పక్షాలూ రోజూ కలబడేవి.

చివరికి జడ్జిగారు ఆయన్ని ఆసుపత్రికి పంపారు. డాక్టరుగారు ఆయన్ని వరసగా నాలుగు రోజులు చూశారు. నాలుగో రోజు సాయంత్రం ఈలాయన కూతురు మా ఇంటికి వచ్చింది. పాతికేళ్ల పిల్ల, బేకరీలో పని చేస్తుంది. గుమ్మంలోనే నిలబడిపోయి, వదినను చూసి ఏడ్చేసింది.

"ఏం చెప్పాడో నాకొద్దు పెద్దమ్మా. నోరు విప్పాడా లేదా, అదొక్కటి చెప్పు. రెండు నెలలైంది ఆయన గొంతు విని."

వదిన ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టింది. మంచినీళ్లు ఇచ్చింది. తల నిమిరింది. అన్నీ చేసి, "డాక్టరుగారు గురువారం ఇంటివాళ్లతో మాట్లాడతారమ్మా. ఆయన్నే అడుగు" అంది.

ఆ పిల్ల వెళ్లిపోయాక నాకు చిర్రెత్తుకొచ్చింది. "నువ్వు మనిషివేనా వదినా? అవునంటే ఒక మాట, కాదంటే ఒక మాట. ఆ పిల్ల ఇవాళ అన్నం తినేది కదా!" అన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లి గిన్నెల మీద మూతలు పెట్టేసింది. తనూ అన్నం తినలేదు. నేను రాత్రంతా మాట్లాడలేదు, పొద్దున్నా మాట్లాడలేదు. ఆవిడ చెప్పులు వేసుకుని ఎనిమిదిన్నరకు వెళ్తుంటే తల ఎత్తి కూడా చూడలేదు.

పన్నెండు గంటలకు ఆసుపత్రి నుంచి ఆటోలో తీసుకొచ్చారు ఆవిడను. మెట్లు దిగుతూ చివరి మెట్టు ఉందనుకోక పడిందట. చీలమండ వాచి బంతిలా ఉంది. ఎముక విరగలేదని, కట్టు కట్టి పంపారు. నేను కోపం పక్కన పెట్టి, కాలు కింద దిండు పెట్టి, మాత్ర వేశాను. ఆవిడ కళ్లు మూసుకుని పడుకుంది. పడుకుందనే అనుకున్నాను. రెండున్నర దాటాక చూస్తే కళ్లు తెరిచి, కుడిచేతి బొటనవేలినీ చూపుడువేలినీ ఒకదానికొకటి రాసుకుంటోంది. దేన్నో వెతుకుతున్నట్టు.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

"గుండుసూది" అంది.

"గుండుసూదేంటి? ఎక్కడ గుచ్చుకుంది?"

ఆవిడ లేచి కూర్చుంది. మొహంలో నెత్తురుచుక్క లేదు. నా పెళ్లయిన ఇరవై ఒక్క ఏళ్లలో ఆ మనిషి భయపడటం చూడలేదు. ఆ రోజు చూశాను.

"పొడుగు కాగితాలకు మూలన గుండుసూది పెడతాను. పొట్టిది ఒకటే కాగితం, దానికి అక్కర్లేదు. పొద్దున తెల్ల కవరుకు గమ్ రాసి అదిమేటప్పుడు వేలికి గుండుసూది తగిలింది. ప్యూను తొందరపెడుతున్నాడు, బయట జీపు హారన్ కొడుతోంది. గమ్ ఎండి గట్టిపడిందేమో అనుకున్నాను. కాదు. గుండుసూదే."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఈలాయన మాటలు ఉన్న కాగితాలు తెల్ల కవర్లో పడ్డాయి. లక్క వేసిన కవర్లో ఆ ఒక్క పేజీ ఉంది. తెల్ల కవర్లు కోర్టు ఆఫీసులో నాలుగు గంటలకు విప్పుతారు. నాలుగున్నరకల్లా నకళ్లు ప్రభుత్వం తరఫు లాయరు చేతిలో ఉంటాయి. ఒకసారి చదివిన కళ్లు చదవనట్టు ఉంటాయా? నియమం కాగితం మీద నియమంగానే ఉంటుంది, ఆ ముసలాయన మాత్రం మునిగిపోతాడు.

"డాక్టరుగారికి ఫోన్ చెయ్యి" అన్నాను.

"వేరే ఊళ్లో సాక్ష్యం చెప్పడానికి వెళ్లారు. ఫోను కట్టేసి బోనులో ఉంటారు."

"కోర్టుకే చేద్దాం."

"చేసి ఏమంటావ్? అందులో రహస్యం ఉంది విప్పకండి అంటే, విప్పకుండా ఉండే మనుషులెవరు?" అని, నా చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, నువ్వు వెళ్లు. నిన్న మాట్లాడే ముందు ఆయన నా వైపు వేలు చూపించాడు. 'ఆవిడ చెప్పదా?' అని డాక్టరుగారిని అడిగాడు. చెప్పదు అన్నారు. నేనూ తలూపాను. అప్పుడు నోరు విప్పాడు."

ఇరవై ఒక్క ఏళ్లలో ఆవిడ నాకు చెప్పిన మొదటి ఆఫీసు మాట అది. ఎప్పుడెప్పుడా అని ఎదురుచూసిన మాట వచ్చేసరికి వినే ఓపిక నాకు లేదు. జడ్జిగారికి ఉత్తరం రాసిమ్మన్నాను. రాసింది. చూస్తే వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. అక్షరాలు కాగితం అంచు దాటి దుప్పటి మీదికి పోయాయి. "ఇదేంటిది?" అన్నాను. "తొందర" అంది. నాకూ తొందరే. ఉత్తరం సంచిలో పడేసుకుని పరుగెత్తాను.

బస్సులో నలభై నిమిషాలు. ప్రతి సిగ్నలు దగ్గరా ఆ డ్రైవరును మనసులో తిట్టుకున్నాను. కోర్టులో ఆ ఆఫీసు కనుక్కునేసరికి నాలుగుకు పది నిమిషాలు. పొడుగాటి గది, ఎత్తు బల్ల, దాని వెనక కళ్లజోడు ముక్కు చివరికి జారిన గుమాస్తా. ఆయన ముందు కవర్ల దొంతర. చేతిలో కాగితాలు కోసే కత్తి. నాలుగు కాకముందే మొదలుపెట్టేశాడు మహానుభావుడు! ఒక్కొక్కటే తీసి, పరపరా కోసి, స్టాంపు గుద్ది పక్కన పెడుతున్నాడు. బల్లకు ఆనుకుని నల్లకోటు వేసుకున్న కుర్రలాయరు ఒకడు ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. దొంతరలో ఆసుపత్రి ముద్ర ఉన్న కవరు పైనుంచి మూడోది.

"ఆగండి!" అన్నాను. గది మొత్తం నావైపు తిరిగింది. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

గుమాస్తా కత్తి పట్టుకున్న చేత్తోనే కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఏంటమ్మా?"

"ఆ ఆసుపత్రి కవర్లో వేరే కాగితం పడిందండీ. దాన్ని విప్పకూడదు. జడ్జిగారికి ఇవ్వాలి. ఇదిగో ఉత్తరం."

ఆయన ఉత్తరం తీసుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, దూరంగా పట్టుకుని చూశాడు. "ఇది ఏ భాషమ్మా?"

"మా వదిన రాసింది. కాలు నొప్పి."

"కాలు నొప్పయితే చేతి రాత ఇలా ఉంటుందా?" అని ఉత్తరం బల్ల మీద పెట్టాడు. "చూడమ్మా, రిజిస్టర్లో ఎక్కిన కవరు వెనక్కి ఇచ్చే ఆచారం ఇక్కడ లేదు."

"వెనక్కి ఇమ్మని ఎవరు అడిగారండీ? విప్పొద్దంటున్నాను."

నల్లకోటు కుర్రాడు ఫోను జేబులో పెట్టాడు. "ఏ కేసు? గోడౌన్ వాచ్‌మన్‌దేనా?" అని దగ్గరికి వచ్చాడు. "నేను ఆ నకలు కోసమే నిలబడ్డానండీ. ప్రభుత్వం తరఫు. విప్పండి, వేరే కాగితం అయితే పక్కన పెట్టేద్దాం. దానికింత గొడవెందుకు?"

గుమాస్తాకు అది న్యాయంగా తోచింది. దొంతరలోంచి ఆ కవరు తీసి, దాని మీద కత్తి పెట్టి, నా ముందుకు జరిపాడు. "సరే, మీ తృప్తి కోసం మీరే కోసి చూడండి. తప్పు కాగితం అయితే అప్పుడు జడ్జిగారి దగ్గరికి పంపుతాను."

నేను దేవతను కాను. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, ఆ కవరు చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఆశ పుట్టింది. తెల్ల కవరు పలచన. కిటికీలోంచి వెలుతురు పడుతోంది, లోపలి వరసల నీడ తెలుస్తోంది. మతి పోయిందా, నాటకమా, అగ్గిపెట్టె ఎందుకు, మంట ఎవరు పెట్టారు, రెండు నెలలుగా నా మిషను దగ్గర కొట్టుకున్న ప్రశ్నలన్నిటికీ జవాబు నా వేళ్ల మధ్య ఉంది. పైగా కోర్టువాడే కోయమంటున్నాడు. కోస్తే నన్ను తప్పుపట్టేవాడు లేడు. ఈలాయన కూతురు ఏడుపు కూడా గుర్తొచ్చింది, చదివితే ఆ పిల్లకు ఒక్క మాట చెప్పొచ్చు కదా అనిపించింది. కానీ ఆ ముసలాయన వేలు చూపించి అడిగింది వదినను. నన్ను కాదు, ఈ కుర్రాడిని కాదు. వదిన తలూపింది. ఆ తలూపడం మీద నేను కత్తి పెట్టనా?

కవరు బోర్లా తిప్పాను. నా వృత్తి నాకు ఎందుకైనా పనికొచ్చిందంటే ఆ రోజే. కుట్టిన బట్ట ఇచ్చే ముందు గుండుసూదులు ఎక్కడైనా మిగిలాయేమోనని వేళ్లతో తడమడం నా రోజువారీ పని. కవరు ఒక మూల నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా తడిమాను. ఎడమ పక్క పై మూల దగ్గర దొరికింది, సన్నగా, గట్టిగా, తలతో సహా.

"పెట్టండి వేలు" అని గుమాస్తా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాను. "తగిలిందా? తెల్ల కవర్లో రావాల్సింది ఒక్క పేజీ. ఒక్క పేజీకి గుండుసూది ఎందుకండీ? ఇన్నేళ్లుగా ఆ ఆసుపత్రి కవర్లు విప్పుతున్నారు, ఎప్పుడైనా గుండుసూది చూశారా?"

ఆయన వేలు కదిపాడు. మళ్లీ కదిపాడు. మొహం మారింది. "లేదు" అన్నాడు. "ఎప్పుడూ లేదు. ఆవిడ పని అంత శుభ్రంగా ఉంటుంది."

నల్లకోటు కుర్రాడు ఏదో అనబోయాడు. గుమాస్తా కత్తి సొరుగులో పెట్టి సొరుగు మూసేశాడు. "మీరు రేపు రండి బాబూ" అన్నాడు. కవరు పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని జడ్జిగారి గదికి నడిచాడు.

జడ్జిగారు ఆడమనిషి. టీ తాగుతున్నారు. గుమాస్తా చెప్పిందంతా విని, లక్క వేసిన ఖాకీ కవరు కూడా తెప్పించారు. తెల్ల కవరు తనే కోశారు. కాగితాలు పూర్తిగా బయటికి తీయలేదు, పైన ఉన్న శీర్షిక కనిపించేంతవరకు లాగి, వెంటనే లోపలికి తోసేశారు. లక్క పగలగొట్టి ఖాకీ కవరు చూస్తే అందులో ఒంటరి పేజీ ఉంది. ఏ కాగితం ఏ కవర్లో ఉండాలో అందులో పెట్టి, తన సొరుగులోంచి కొవ్వొత్తి, లక్క కడ్డీ తీసి, తనే కరిగించి ముద్ర వేశారు.

"ఇది మీ చేతిలో ఎంతసేపు ఉంది?" అని అడిగారు నన్ను.

"రెండు మూడు నిమిషాలు ఉంటుందమ్మా."

"చదవలేదా?"

"లేదమ్మా. చదవాలని మాత్రం చాలా అనిపించింది."

ఆవిడ నవ్వారు. "అనిపించడం నేరం కాదు. డాక్టరుగారిని జరిగింది రాసి పంపమనండి, ఫైల్లో పెడతాను. ఎవరూ చదవలేదు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. మీ వదినగారిని కాలు జాగ్రత్తగా చూసుకోమనండి."

ఎవరికీ నష్టం లేదు! ఆ మూడు ముక్కలూ బస్సులో దారంతా నాలో నేను అనుకుంటూనే వచ్చాను. వెళ్లేటప్పుడు తిట్టుకున్న డ్రైవరే మళ్లీ దొరికితే దండం పెట్టేదాన్ని. ఎదురుసీటులో ఎవరో పసిపిల్ల నన్ను చూసి నవ్వింది, నేను నా మానాన నవ్వుతున్నానని అప్పుడు తెలిసింది.

ఇంటికి వచ్చేసరికి వదిన కుంటుకుంటూ వీధి గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది. నేను మెట్లెక్కేలోపే, "ఎవరు విప్పారు?" అంది.

"జడ్జిగారు. తనే. శీర్షిక చూసి మూసేశారు. ఎవరూ చదవలేదు."

ఆవిడ అక్కడే గుమ్మంలో చతికిలబడింది. మొహం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. చిన్నపిల్లలా, గట్టిగా. గుండె మీది కుంపటి దిగిన ఏడుపు అది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. దారిన పోయేవాళ్లు ఎవరో పోయారనుకుని ఆగారు. "ఏమీ లేదు, వెళ్లండి, అంతా బాగానే ఉంది" అని నేనే పంపించాను.

ఏడుపు ఆగాక చెప్పింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, ఒకావిడను పరీక్షకు తీసుకొచ్చారట. నెలల తరబడి మాట్లాడని మనిషి, ఒకరోజు నోరు విప్పి తన చంటిబిడ్డ గురించి నాలుగు మాటలు చెప్పిందట. వదిన ఇంటికొచ్చి ఆ నాలుగు మాటలు మా అత్తగారికి చెప్పింది. పేరు కూడా చెప్పలేదు, జాలితో చెప్పింది. వారం తిరిగేసరికి ఆ మాటలు ఆ మనిషి ఇంటికి చేరాయి. ఆవిడ మళ్లీ నోరు విప్పలేదు. ఎప్పటికీ విప్పలేదు. "నేను చెప్పింది పరాయివాళ్లకు కాదు, మా అమ్మకు" అంది వదిన. పరాయిదానివైతే ఇంత ఇబ్బంది ఎందుకని నన్ను ఎందుకందో అప్పటికి తెలిసింది నాకు.

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, రెండో చేతి వేళ్లు రెండు ఎత్తి మొహం ముందు పెట్టాను. "ఎన్ని?"

ఆవిడ కళ్లు చికిలించి చూసి, మొహం పక్కకు తిప్పుకుంది.

"ఉత్తరం చూసినప్పుడే అనుమానం వచ్చింది. చివరి మెట్టు కనపడలేదు, కాగితం అంచు కనపడలేదు, ఈ మధ్య బస్సు నంబరు నన్ను చదవమంటున్నావు. ఎన్నాళ్లయింది?"

"మూడు నెలలు. కుడి కంట్లో పొర. ఎడమది కూడా మసకే." అని తల దించుకుంది. "కాగితాలు చూసి కాదు, చేత్తో మందం చూసి సర్దుతున్నాను. ఈసారి పొడుగుది రెండే కాగితాలు, మందం తెలియలేదు. రిటైర్మెంటుకు ఐదు నెలలే కదా, లాక్కొద్దాం అనుకున్నాను."

నేను తిట్టిన తిట్లు వీధి చివరి దాకా వినపడి ఉంటాయి. ఊరందరి గుట్టూ దాచావు సరే, కంట్లో పొర కూడా గుట్టేనా, దానికీ లక్క వేస్తావా అన్నాను. ఆవిడ ఒక్క మాటా ఎదురాడలేదు. నాకు అంత తృప్తిగా తిట్టే అవకాశం మళ్లీ రాలేదు.

మర్నాడు వదినే ఫోనులో డాక్టరుగారికి అన్నీ చెప్పుకుంది, కవరు సంగతీ, కంటి సంగతీ. ఆయన కోప్పడలేదట. సెలవు పెట్టించి, కన్ను బాగైతేనే బల్ల దగ్గర కూర్చోమన్నారు. అప్పటినుంచి ఆ ఆసుపత్రిలో కవర్లు ఇద్దరు మనుషులు చూశాకే అంటిస్తారు. ఈలాయన ఇంకా విచారణకు నిలబడే స్థితిలో లేడని ఆ పొట్టి కాగితంలో ఉంది కాబట్టి, జడ్జిగారు వైద్యం చేయించమన్నారు. ఏడు నెలలకు మనిషి తేరుకున్నాడు. విచారణ జరిగింది, గోడౌన్ వైర్లు కాలిపోయి మంట పుట్టిందని కరెంటు ఇంజినీరు సాక్ష్యం చెప్పాడు, ఈలాయన బయటపడ్డాడు. ఆ పొడుగు కాగితాల్లో ఏముందో ఆ విచారణలో ఎవరూ ఎత్తలేదు. నాకూ ఈనాటికీ తెలియదు. తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన కూతురు బేకరీ నుంచి తెచ్చిన బన్ను తినిపిస్తుంటే చూశాను, అది చాలనిపించింది.

ఇదంతా తర్వాతి సంగతి. అంతకుముందు, కాలు వాపు తగ్గిన వారానికే, నేను వదినను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు చిన్నపిల్ల. వదినను కుర్చీలో కూర్చోబెట్టి, నా వైపు చూసింది.

"ఆపరేషనుకు ముందు కొన్ని సొంత విషయాలు అడగాలండీ. ఈవిడ బయట కూర్చుంటారా?"

నేను అలవాటుకొద్దీ సంచి తీసుకుని లేచాను. వదిన చెయ్యి చాచింది. నా మణికట్టు ఎక్కడుందో కనపడక గాలిలో వెతికి, చివరికి పట్టుకుంది.

"ఉండనివ్వండి డాక్టరుగారూ. మా మరదలి దగ్గర నాకు దాపరికం లేదు" అంది.

నేను కూర్చున్నాను. డాక్టరు చాలా అడిగింది. వదిన ఒక్కటీ దాచకుండా జవాబు చెప్పింది. ఆ గదిలో విన్నవి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీకూ చెప్పను.